బండి దాహం

కంబదూరు పక్కన పెద్దరెడ్డి తోటలో పెద్దక్క కళ్లు కప్పి ఒక్క నీటిబొట్టు కూడా వృథా పోయేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, గిన్నెలు తోమిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. ఎవరైనా బిందె తొణికిస్తూ నడిచారో, వాళ్ల ఏడు తరాలనూ లేపి తిట్టేది. కొత్త కోడలుగా ఆ తోటకు కూలికొచ్చిన మనిషి, మొగుడు పోయాక తోటకే కావలిదయింది. ఇంత పిసినారి మనిషి రోజూ పొద్దున్నే ఒక చెంబు నీళ్లు రేకుల షెడ్డులోకి మోసుకుపోయేదంటే మీరు నమ్మరు. మోసుకుపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

షెడ్డులో ఉన్నది పెద్దరెడ్డి ముచ్చటపడి బెంగళూరులో కొన్న పాత జర్మనీ కారు. ఎర్రటి బండి, ఇద్దరికే చోటు, కూర్చుంటే నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టే. ఆయన పోయేముందు మంచంలో రొప్పుతూ పెద్దక్కను పిలిచి ఒక్క మాట అన్నాడు.

"బండిని ఎండనీయాకు పెద్దక్కా."

కరువు సీమలో ఈ మాటకు అర్థం ఎవరైనా అడుగుతారా? చెట్టును ఎండనీయొద్దంటే నీళ్లు పోయాలి. గొంతు ఎండనీయొద్దన్నా నీళ్లే పోయాలి. ట్రాక్టరుకు మూత తీసి నీళ్లు పోయడం ఆమె రోజూ చూసేదే కదా. దినాలు అయిపోయిన మర్నాడే చెంబు పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది.

ముందు మూత తీసింది. లోపల ఇంజనే లేదు! వెనక మూత తీసింది. అక్కడా ఖాళీ. ఇంజను లేని బండిలో ఇన్నేళ్లు ఎట్లా తిరిగాడీ మహానుభావుడని బుగ్గలు నొక్కుకుంది. చివరకు సీట్ల వెనక, బండికి నట్టనడుమ, జల్లెడ లాంటి మూత కనిపించింది. దాని కింద నల్లగా ఇంజను. ఇదే నోరు అనుకుని చెంబు వంచింది. నీళ్లు గటగటా లోపలికి పోయాయి. పాపం, ఎంత దప్పిక మీదుందో అనుకుంది.

అప్పటినుంచి ఏనాడూ తప్పలేదు. రెడ్డి కొడుకు జయరాం అనంతపురంలో మోటార్ల వ్యాపారంలో మునిగి, బండి మాట మరిచే పోయాడు. ఈ ఎండాకాలం హఠాత్తుగా గుర్తొచ్చి, జాకబ్ అనే మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంజను పట్టేసింది, కదల్లేదు. ఊరికే నిలబెడితే పట్టేయదా అనుకున్నారు ఇద్దరూ.

"ఇది గాలితో చల్లారే ఇంజను అన్నా," అన్నాడు జాకబ్. "మన ఎండల్లో గాలే నిప్పులాగ ఉంటే ఇంగ ఇదేం చల్లారతాది? దీనికి సామాన్లు గూడా దొరకవు. నీళ్లతో చల్లారే ఇంజను ఏసేద్దాం."

సుద్దముక్కతో నేలమీద బండి బొమ్మ గీశాడు. రేడియేటరు ముందు పెట్టాలి. ఇంజను నడుమే ఉంటుంది. రెండింటినీ కలుపుతూ తలుపుల కింది ఇనుప దూలాల వెంబడి నీళ్ల పైపులు పోవాలి. జయరాం ముఖం వెలిగిపోయింది. "మా నాయన బండి మళ్ల రోడ్డెక్కితే చాలప్పా," అన్నాడు.

పక్కనే చెంబు పట్టుకుని నిలబడిన పెద్దక్క అంతకంటే పొంగిపోయింది. "ఇప్పటికి తెలిసొచ్చెనా మీకు! నీళ్లు లేకుండా ఏ జీవం బతుకుతాదప్పా?"

వాళ్లిద్దరూ నవ్వారు. జాకబ్ పైపులకు దారి చూద్దామని బండి కిందికి దూరాడు. ఒక్క నిమిషం తర్వాత లోపలినుంచి "యేసయ్యా!" అని కేక.

జయరాం వంగి చూశాడు. స్క్రూడ్రైవరు పిడిదాకా దూలంలోకి దిగి ఉంది. జాకబ్ బయటికి లాగితే, చెదలు తిన్న వాసంలోంచి రాలినట్టు ఎర్రటి పొడి బొలబొలా రాలింది.

"అన్నా, ఈడ ఇనుము లేదు. రంగు మాత్రమే ఉండాది. పైపులు దేనికి బిగించేది? ఎత్తితే నడుముకు ఇరిగిపోతాది." జాకబ్ ఆ పొడిని వేళ్ల మధ్య నలిపాడు. "ఈ కరువులో తుప్పు యాడిదన్నా? తుప్పు పట్టేదానికి నీళ్లేవి?"

"నీళ్లు లేకేమి?" అంది పెద్దక్క. "దినామూ నేను పోస్తాండా కదా!"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గర్వంగా జల్లెడ మూత చూపించింది. "మీ నాయన చెప్పినాడు చిన్నరెడ్డీ, ఎండనీయాకు అని. బోరు ఎండిన యేడు ట్యాంకరు నీళ్లు నాకే చాలలేదు. బర్రెను అమ్ముకున్న్యా గానీ దీనికి మాత్రం తప్పనీయలేదు."

జయరాం నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తండ్రి గొంతు చెవుల్లో వినపడింది. ఈ షెడ్డు కట్టించిన రోజుల్లో పనివాళ్ల మీద రోజూ ఒకటే అరుపు: బండిని ఎండలో ఎండనీయాకండ్రా! రొప్పుతో చివరిసారి చెప్పినప్పుడు ఒక్క మాట జారిపోయింది. ఎండలో.

తిట్టడానికి నోరు తెరిచాడు. ఆమె అమ్ముకున్న బర్రె గుర్తొచ్చింది, నోరు మూతపడింది.

"ఎండలో పెట్టాకు అని పెద్దక్కా, నాయన చెప్పింది," అన్నాడు చివరకు, నేల చూపులు చూస్తూ.

పెద్దక్క రాలిన పొడిని చూసింది, చెంబును చూసింది. "నేను పోసిన నీళ్లేనా నాయనా, దాన్ని తినేసింది?"

జాకబ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, కుళ్లినదంతా కోసేసి కొత్త రేకు అతికితే నీళ్ల ఇంజనుకు ఆశ ఉందేమో చూడాలన్నాడు. ముందు తడి ఆరాలి, బయట పెట్టాలి అన్నాడు.

ఎత్తకుండా, మెల్లగా తోశారు. ఇన్నేళ్లకు ఆ బండి మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వచ్చింది. పెద్దక్క చెంబు షెడ్డులోనే బోర్లించి, వచ్చి దాని పక్కన చతికిలబడింది. జయరాం ఎంత పిలిచినా నీడకు రాలేదు.

"ఎండనీ," అంది. "నన్నూ ఎండనీ."