యార్క్‌లో సిరిల్ తప్పిపోయిన శనివారం

గోడ చుట్టుకున్న ఊళ్ళు చాలా తిరిగాను. శత్రువు రాకుండా కట్టుకున్నామని అందరూ చెప్పేవారే. నాకు మాత్రం లోపలి మనిషిని బయటికి పోనివ్వకుండా కట్టారేమో అనిపిస్తుంది. మ్యూరియెల్ ఆష్‌వర్త్ గురించి చెబుదామని కూర్చుంటే మొదట యార్క్ ఊరి గోడే గుర్తొచ్చింది.

మ్యూరియెల్ లాంకషైర్‌లో మా మిల్లు ఊరి మనిషి. పదిహేనో ఏట మగ్గాల మధ్యకి వెళ్ళి, మిల్లు మూతపడ్డ రోజున బయటికొచ్చింది. మొగుడు సిరిల్ అక్కడే మగ్గాలు బాగుచేసేవాడు. పెళ్ళైన కొత్తలోనే వాళ్ళకో అలవాటు పడింది. మా ఫుట్‌బాల్ జట్టు పొరుగూరికి వెళితే వీళ్ళూ అభిమానుల బస్సెక్కేవాళ్ళు. శనివారం ఆట, రాత్రికి ఏదో చవక బస, ఆదివారం ఆ ఊరి చర్చో కోటో చూసి రావడం. వేరే సెలవులు ఎరగరు. ఆటలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు గనక ఊళ్ళు మాత్రం బాగా చూశారు.

కొన్నేళ్ళుగా సిరిల్‌కి మతి నిలవడం లేదు. కూతురు జనెట్ అతన్ని వృద్ధుల ఆశ్రమంలో చేర్పిద్దామంటుంది, మ్యూరియెల్ ససేమిరా అంటుంది. ఆఖరికి ఆ మార్చిలో యార్క్ ఆటకి జనెట్ కూడా బయల్దేరింది.

"ఈ రెండు రోజులు నా కళ్ళతో చూస్తానమ్మా. నాన్నని నువ్వు చూసుకోగలిగితే మళ్ళీ ఆ మాటెత్తను. తప్పిపోయాడా, సోమవారమే ఆశ్రమానికి ఫోన్ చేస్తా."

"చూడు. చూసి నోరు మూసుకో," అంది మ్యూరియెల్.

జనెట్‌కి ఆటంటే పడదు. ఆరింటికి బస దగ్గర కలుద్దామని చెప్పి పెద్ద చర్చి చూడ్డానికి పోయింది. మా జట్టు మూడు గోల్స్‌తో ఓడింది. బయట చలిగాలి, సిరిల్ వణుకుతున్నాడు. దగ్గర్లో కనబడిన పబ్ తలుపు మీద పరాయి జట్టు రంగులతో రావద్దని రాసుంది. మ్యూరియెల్ తన మెడలోదీ, మొగుడి మెడలోదీ మా జట్టు నీలం మఫ్లర్లు తీసి సంచిలో కుక్కి, అతన్ని లోపల కూర్చోబెట్టింది. టీ చెప్పి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ.

ఎంత పొరపాటు చేసిందో అప్పుడు తెలిసింది ఆమెకి. పరాయి ఊళ్ళో నీలం మఫ్లర్ ఒంటరిగా కనబడితే మావాళ్ళెవరైనా సరే చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తెస్తారు. తాగి పడిపోయినవాళ్ళనీ, అలిగి పోయినవాళ్ళనీ అలాగే తెచ్చారు. ఇప్పుడు సిరిల్ గోధుమరంగు కోటు వేసుకున్న ఎవరో ముసలాయన. మావాళ్ళ పక్క నుంచి నడిచినా ఎవరూ తిరిగి చూడరు.

ఆమె బస్సు దగ్గరికి పరుగెత్తి చెబితే, బస్సు నడిపించే బెర్నార్డ్ మావాళ్ళందరినీ తలో వీధికీ పంపి తను ఆమె వెంట నడిచాడు. చీకటి పడుతోందని ఊరి గోడ మీది నడక దారికి ఎక్కే మెట్ల దగ్గర గేట్లకి తాళాలు వేస్తున్నారు.

"పైన ఎవరూ లేరమ్మా, ఇప్పుడే చూసొచ్చా," అన్నాడు కాపలాదారు.

"మళ్ళీ చూడు బాబూ. పిలిస్తే పలకడు. దగ్గరికెళ్ళి చూడాలి."

ఊళ్ళోంచి పారే నది వానలకి పొంగి గట్టు దారి మీదికొచ్చింది. బెర్నార్డ్ ఆ బురదనీళ్ళ వైపు చూసి చప్పున తల తిప్పుకున్నాడు. మ్యూరియెల్ తిప్పుకోలేదు. రెయిలింగ్ పట్టుకుని నీళ్ళలో గోధుమరంగు కోసం వెతుకుతోంది.

"అటు చూడకు మ్యూరియెల్. నడు," అన్నాడు.

"ఎటు చూడమంటావు మరి?"

వంతెన అవతల ఆ ఊరి అభిమానులతో కిక్కిరిసిన పబ్బొకటి ఉంది. కిటికీలోంచి కనిపించాడు సిరిల్. మెడలో వాళ్ళ ఎర్ర మఫ్లర్, చలికి ఎవరో చుట్టి ఉంటారు. చేతిలో గ్లాసు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఏదో చెబుతున్నాడు.

బెర్నార్డ్ ఊపిరి వదిలాడు. "దొరికాడు దొంగ. తప్పిపోలేదు, తాగడానికి నేనే ఇక్కడికి లాక్కొచ్చానని జనెట్‌కి చెబుతాలే. నాకు తిట్లు కొత్తా ఏంటి."

మ్యూరియెల్ కదల్లేదు. మగ్గాల హోరులో పనిచేసినవాళ్ళకి చెవులతో పనుండదు, పెదాలు చూసి మాటలు వింటారు. మా ఊళ్ళో ముసలమ్మలు ఇప్పటికీ వీధి ఇటు నుంచి అటు అలాగే ముచ్చట్లాడుకుంటారు. అద్దం అవతల మొగుడి పెదాలు ఆమెకి స్పష్టంగా వినబడుతున్నాయి.

"ఏమంటున్నాడు?" అన్నాడు బెర్నార్డ్.

"ఇంట్లో ఎవరో ముసలావిడ ఉంటోందట. తలుపుకి తాళం వేసి తిడుతుందట. మ్యూరియెల్ వచ్చేదాకా ఇక్కడే ఉంటానంటున్నాడు. ఆ ముసలావిడొస్తే తనని అప్పగించొద్దంటున్నాడు."

బెర్నార్డ్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఏదో వాగుతాడు. మతి లేదు కదా."

"తాళం వేస్తాను బెర్నార్డ్. తిడతాను కూడా."

ఆమె జనెట్‌కి ఫోన్ చేసి వంతెన అవతలి పబ్బు దగ్గరికి రమ్మంది. జనెట్ రొప్పుతూ వచ్చింది.

"నాన్నేడీ?"

బెర్నార్డ్ నోరు తెరిచాడు. మ్యూరియెల్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"తప్పిపోయాడు. మంచివాళ్ళ చేతిలో పడ్డాడు. నేను వెళితే రాడు, నువ్వు వెళ్ళు. సోమవారం ఆ ఫోన్ చెయ్యి."

జనెట్ తల్లి మొహంలోకి చూసి, పబ్బు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. బయటికొచ్చేటప్పుడు అతనికి తను కనబడకూడదని మ్యూరియెల్ రోడ్డు దాటి, మూసేసిన కొట్టు గుమ్మంలోకి జరిగి నిలబడింది.