గంజి పెట్టిన జడ

ఇప్పటి పిల్లలు ఎంటికలకు రింగులు తెప్పిచ్చుకునేందుకు అద్దం ముందట కూసొని కాలే కడ్డీలు చుట్టుకుంటున్నరని విన్నప్పుడల్ల నాకు నవ్వాగదు. మా చిన్నతనంల ఆ రింగులు పుట్టుకతోనే ఉన్నోళ్లు వాటిని దాసుకునేందుకు పడ్డ తిప్పలు పగోనికి గూడ వద్దు. ఆ దినాలల్ల ఆడపిల్ల అందానికి ఒక్కటే లెక్క. నూనె పెట్టి దువ్వితే జడ నాగుంబాము తీర్గ వీపు మీద తిన్నగ పడాలె. నాది పడేది కాదు, లేచేది. వానకాలమైతే నాకంటె ముందే నిద్రలేచి, నాకంటె ముందే బడికి తయారయ్యేది.

మాది మెట్‌పల్లిల మగ్గాల ఇల్లు. బాపు నేస్తె అవ్వ (అమ్మను మేము అవ్వ అనేది) నూలు కండెలు చుట్టేది. నా తల అచ్చం మా నాయినమ్మ తల అని చూసినోళ్లందరు అనేటోళ్లు (ఆమెను నేను చూడలే, ఆమె ఆస్తిల నా వంతుకు వచ్చింది గిదొక్కటే). ఆదివారం వచ్చిందంటె అవ్వ నన్ను గడప మీద కూసోబెట్టి, కుంకుడుకాయ నురుగుతోని తల రుద్ది, తడి ఆరకముందే అరచేతిల ఇంత నూనె రాసుకొని వేళ్లతోనే చిక్కులు తీసేది. కొసలకాడ మొదలువెట్టి మెల్లగ పైకి పోయేది. దువ్వెన ముట్టకపోయేది. "చిక్కు తీసెటోళ్లకు కోపం రావద్దు బిడ్డా, కోపమొస్తె పోగు తెగుతది" అనేది. అది నూలు గురించి చెప్తున్నదో నా తల గురించి చెప్తున్నదో నాకు సమజ్ కాకపోయేది. అంత నెమ్మదిగ తీసేది గనుక నేను ఆమె మోకాలికి ఆనుకొని నిద్రపోయేదాన్ని.

మా ఊర్లె ఆడపిల్లలకు పెద్ద బడి లేదని బాపు నన్ను కరీంనగరంల హాస్టల్ల వేసిండు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలు అవి. బాపు నా రేకు పెట్టె వరండల దించి, "మంచిగ చదువుకో, ఫికర్ జెయ్యకు" అని, వెనుకకు తిరిగి చూడకుండ బస్సెక్కిండు. ఫికర్ జెయ్యకు అన్నాయన కండ్లు ఎందుకు తుడుసుకున్నడో అని నేను చానాసేపు ఆలోచన చేసిన.

హాస్టల్ల ఆదివారం తలస్నానాల దినం. స్నానాలైనంక పిల్లలంత వరండల రైలు డబ్బాల లెక్క ఒకరెనుక ఒకరు కూసునేది. ఎనుక పిల్ల ముందటి పిల్లకు జడ అల్లాలె. మొదటి ఆదివారం నేను గూడ సంబురంగ నడుమ డబ్బాల కూసున్న. నా ఎనుక పిల్ల జరసేపు గుంజింది, దువ్వెన పండ్లు ఇరిగినయి, "ఇది తల కాదే, గొంగడి!" అని లేచిపోయింది. అందరు నవ్విన్రు. గా దినం నుంచి నా పేరు గొంగడి. మల్ల వారం నుంచి నా జాగ రైలు కొసకు పోయింది, గార్డు డబ్బా. నేను ముందటి పిల్లకు జడ వేసేదాన్ని. నా ఎనుక గోడ ఉండేది (గోడ మంచిది, ఎన్నడు ఒక్క మాట అనలే).

నా ముందట కూసునే పిల్లను అందరు సిల్కు అని పిలిచేది. ఆమె జడకు రిబ్బను కడితె జారి కింద పడేది, అంత నున్నగ ఉండేవి ఎంటికలు. చెడ్డపిల్ల కాదు. కాని జడ అయిపోంగనే లేచి ఉరికేది, ఎనుకకు తిరిగి చూడకపోయేది. నెలల కొద్ది నేను ఆమె వీపుతోనే దోస్తానా చేసిన. ఆ వీపుకు మా ఊరి ముచ్చట్లు, అవ్వ ముచ్చట్లు మెల్లగ చెప్పేదాన్ని. "ఊఁ" అనేది వీపు. గంతే చాలు అనిపించేది.

గిట్ల నడుస్తుండంగ, బడులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నరని, ఆమె ముందట స్వాగతం పాట పాడాలెనని పిల్లలను ఏరిన్రు. నా గొంతు బాగుంటదని నన్నూ పిలిచిన్రు. నా పానం గాలిల తేలింది. అంతల పాట నేర్పే పంతులమ్మ నా తల దిక్కు చూసి, "ముందు వరుసల రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టాలె. నీకు కుదరదు గదా, నువ్వు ఎనుక నిలబడు" అన్నది. సిల్కు ముందు వరుసల ఉన్నది. జాలివడి నా దిక్కు చూసి, "నీ ఎంటికలు సాపైతె మనిద్దరం పక్కపక్కన నిలబడుదుము" అన్నది. ఆమె అన్నది ఊరికెనే కావచ్చు. నాకు మాత్రం అది పెద్ద మాట అయ్యింది. సాపు చేసుడెట్లనో నాకు తెల్వదా? మగ్గాల ఇంట్ల పుట్టినదాన్నాయె! బాపు పడుగు నూలును వీధిల గుంజి కట్టి, గంజి పెట్టి, కుంచెతోని దువ్వితె ఎంత వంకర పోగైనా ఈత పుల్ల లెక్క నిలుస్తది. నూలుకు పనికొచ్చింది ఎంటికలకు ఎందుకు పనికిరాదు?

ఆ ఆదివారం పిల్లలంత ఆయమ్మతోని మానేరు వాగు దిక్కు పోయిన్రు. నేను కడుపునొప్పి అని ఉండిపోయి, వంట పెద్దమ్మ కాడికి పోయి గంజి అడిగిన. ఆమె నా మొఖం చూసి, "అయ్యో, ఆకలైతున్నదా బిడ్డా? కడుపునొప్పికి మంచిదే" అని ముంతెడు చిక్కటి గంజి పోసి, వద్దనేలోపు ఇంత ఉప్పు గూడ వేసింది. ఉప్పు నూలుకు వెయ్యరు, కాని ఎంటికలకు ఏమైతదిలే అనుకున్న. తల రెండు పాయలు చేసి, గంజి దట్టంగ పూసి, కుంచె లేదు గనుక కొబ్బరిపీచుతోని దువ్విన. ఇగ గుంజి కట్టాలె. పెరటి దిక్కు కిటికి ఊచలకు రెండు పాయల కొసలు రిబ్బన్లతోని గట్టిగ ముడేసి, కొసలు ఎండకు బయట వేలాడేటట్టు వదిలి, నేను లోపల పెట్టె మీద కూసొని ముందటికి వంగిన. పడుగు అచ్చం బాపు గుంజినట్టే బిర్రుగ నిలిచింది.

హాస్టలంత సప్పుడు లేదు. ఎండిందాక కదలొద్దు గనుక నేను సిల్కు పక్కన నిలబడి పాడుతున్నట్టు మెల్లగ స్వాగతం పాట పాడుకున్న. అట్ల పాడంగ పాడంగ, ఎనుక నుంచి ఎవరో నా ఎంటికలు పట్టుకున్నట్టయింది. మెల్లగ, ఓపికగ, కొసలకాడ నుంచి. నిజం చెప్తున్న, ఆ ఘడియల నాకు కండ్లల నీళ్లు తిరిగినయి. ఊరు విడిచినంక నా తల మీద ఇంకొకరు ప్రేమతోని చెయ్యి పెట్టుడు అదే మొదలు.

"సిల్కూ, నువ్వేనా? అప్పుడే వచ్చినవా?" అన్న.

"మ్మే" అన్నది ఎనుక.

అది వంట పెద్దమ్మ మేక. దినాం ఆ గంజి దానికే పోసేదట. తన వంతు రాకపోయేసరికి వాసన పట్టుకుంట వచ్చి, కిటికి మీద ముందు కాళ్లు పెట్టి, ఊచల సందుల మూతి దూర్చి, ఉప్పుతో సహా నములుతున్నది. న్యాయంగ చూస్తె గంజి దానిదే, మధ్యల ఎంటికలు నాయి. లేద్దామంటె ముడులు కట్టెలైనయి. "మ్యాక! మ్యాక!" అని మొత్తుకున్న.

ఆదివారం పూట ఎటూ పోకుండ హాస్టల్లనే ఉండేది ఇంకొకరు, మా వార్డెను. కృష్ణా జిల్లా నుంచి కొత్తగ వచ్చిన ఒంటరి మనిషి, బడిల మాకు లెక్కలు గూడ చెప్పేది, ఎవరినైనా 'ఏమండీ' అనే పిలిచేది. పొద్దున లేపుడు నుంచి పండుకునుడు దాక గంట కొడుతనే ఉంటదని ఆమెకు గంటమ్మ అని పేరువెట్టినం. నా కేక విని చేతిల గంటతోనే ఉరికివచ్చింది.

"మేకు గుచ్చుకుందా? ఎక్కడే? రక్తం వస్తోందా?"

"మేకు కాదు పంతులమ్మా, మ్యాక! నా తల తింటున్నది!"

"ఓరి భగవంతుడా!" అని ఆమె బయటికి పోయి మేక మొఖం ముందట గంట గణగణ కొట్టింది. బడి అయిపోయిందనుకున్నదో ఏమో, మేక ఉరికింది. అప్పటికే నా ఎడమ జడ చెవి కిందిదాకనే మిగిలింది.

గంటమ్మ కత్తెరతోని రిబ్బన్లు కోసింది. తిడతదేమో అనుకున్న. ఆమె తిట్టలే. తన అర్రకు తీసుకపోయి గోరువెచ్చని నీళ్లు పోసి గంజి నానబెట్టింది. గంజి పోయినంక దువ్వెన తీసింది. నేను భయపడుకుంటనే, "దువ్వెనొద్దు పంతులమ్మా, ఇరుగుతది. తడి మీదనే నూనె రాసి వేళ్లతోని తియ్యాలె, కొసలకాడ నుంచి" అన్న. "అట్లాగా? నువ్వు చెప్పు, నేను తీస్తాను" అన్నది. నేను చెప్తుంటె ఆమె తీసింది. సగం చిక్కులు తీసినంక, "ఇంత చక్కటి ఉంగరాల జుట్టుకి ఈ గంజేమిటే పిచ్చి తల్లీ" అన్నది. ఉంగరాల జుట్టు అన్న మాట నేను వినుడు అదే మొదలు. మా ఇంట్ల ఎవరి వేలికీ ఉంగరం లేదు. నా తల నిండ ఉన్నయంటె నాకు నమ్మబుద్ధి కాలే.

ఇంకో పాయ పట్టుకొని ఆమెనే మల్ల అన్నది: "నేను 'ఏమండీ' అనగానే మీరంతా వెనకాల నవ్వుకుంటారుగా. నాకు తెలుసులే." నవ్వెటోళ్లల్ల నేను గూడ ఉంటిని. "మా వాళ్ల మాట ఎవరైనా మాట్లాడితే బావుణ్ణు అనిపిస్తుంది, ఆదివారాలు మరీను" అని తన చిక్కు తానే తీసుకుంటున్నట్టు అన్నది.

స్వాగతం పాట నాడు నేను ముందు వరుసల లేను, ఎనుక వరుసల గూడ లేను. రెండు దిక్కుల సమంగ కత్తిరిచ్చిన పొట్టి తలకు గుడ్డ కట్టుకొని వంటింట్ల కూసున్న. వంట పెద్దమ్మ నాతోని మాట్లాడలే. మేక రెండు దినాలు మేత ముట్టలేదని ఆమెకు నా మీద కోపం. "నీ ఎంటికలు తిని దాని కడుపు చిక్కువడ్డది" అన్నది. కొత్త పిల్లలొస్తె నన్ను మేకకు మేతేసిన గొంగడి అని చూపెట్టేది.

అటు తర్వాత ప్రతి ఆదివారం గంటమ్మ అర్రల నా తల పని నడిచింది. పొట్టి తల పెరిగేటప్పుడు నానా రూపాలు పడుతది: మొదలు పుట్టగొడుగు, అటెన్క గొడుగు, అటెన్క చెట్టు. ఆమె మందారాకు నూరి పెట్టేది, వాళ్ల ఊరి కాలువ ముచ్చట్లు చెప్పేది, నేను మా పడుగుల ముచ్చట్లు చెప్పేదాన్ని. తరగతిల మాత్రం లెక్క తప్పితె అందరికంటె ముందు నన్నే నిలబెట్టేది. పిల్లలు నాకు గంటమ్మ తోక అని ఇంకో పేరు పెట్టిన్రు. రైలుల నా డబ్బా మొత్తమే పోయింది. సిల్కు జడ ఇంకెవరో వేసేటోళ్లు. ఒక్కోసారి దూరం నుంచి ఆ వీపు చూసేదాన్ని. పలకరియ్యాలె అనిపించేది, కాని వీపును ఏమని పలకరిస్తం?

ఎండకాలం సెలవులకు ఇంటికి పోతె అవ్వ నా తల చూసి లబలబ మొత్తుకున్నది. మేక ముచ్చట విని కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. ఆఖరుకు వేళ్లు పెట్టి చూసి, "ఒక్క చిక్కు లేదు. ఎవలు చూసిన్రు బిడ్డా?" అని అడిగింది. చెప్పిన. ఆ రాత్రి బాపుతోని ఏం మాట్లాడిందో ఏమో, సెలవులైపోయేలోపు మగ్గం మీద ఎర్ర అంచు తువ్వాల ఒకటి తయారైంది, మెత్తగ, పలుచగ. "మీ పంతులమ్మకియ్యి. తల తుడుసుకునేందుకు" అన్నది అవ్వ.

బడి తెరిచినంక పోతె గంట కొడుతున్నది ఇంకొకామె. గంటమ్మకు తన దిక్కే బదిలీ అయ్యిందట. ఏ ఊరో ఎవరికి తెల్వదు. అడిగితె, "కృష్ణా జిల్లా అంటె ఒక్క ఊరా?" అన్నరు. తువ్వాల పెట్టెల అడుగున పెట్టిన. వానకాలం దాక చూసిన, చలికాలం దాక చూసిన. ఒక ఆదివారం తలస్నానం చేసినంక నా తువ్వాల ఆరక, జర సేపే గదా అని దాన్ని తీసి తలకు చుట్టుకున్న. గరుకు తువ్వాలకు రేగే నా ఎంటికలు దాని కింద పసిపిల్లల లెక్క సాపుగ పండుకున్నయి. ఇగ మల్ల పెట్టెల పెట్టబుద్ధి కాలే.

చదువైపోయి ఉట్నూర్ల కొలువుకు చేరినంక గూడ చానా ఏండ్లు అది నాతోనే ఉన్నది. అంచు పోయింది, నడుమ చిరిగింది, ఆఖరుకు జల్లెడ లెక్కయింది. పారెయ్యమని అందరు అన్నరు. అది నాది కాదు గదా, ఎట్ల పారేస్త అని నేను అనేదాన్ని. వాళ్లకు సమజ్ కాకపోయేది. ఇప్పుడు తల తెల్లవడ్డది గని రింగులు పోలే. ఆదివారం ఎండల కూసొని తల ఆరబెట్టుకుంటున్నప్పుడు, వాకిట్ల ఎవరన్న కొత్తోళ్లు "ఏమండీ" అని పిలిస్తె, తడి తలతోనే గబుక్కున లేస్త. పాలాయనో, పోస్టాయనో ఉంటడు. నన్ను నేను చూసుకొని నవ్వుకుంట మల్ల వచ్చి కూసుంట.