మేము నల్లగా చేసిన బోర్డు

బోర్డు అనే ఇంగ్లీషు మాటకు ఎన్ని అర్థాలుండాయని ఎవురన్నా అడిగితే నాలుగు గడగడా చెప్తా. ఐదోది సగమే చెప్తా. డిక్షనరీ చూసుకోవచ్చు గదమ్మా అంటాడు నా కొడుకు. చూసుకోను. నా ఇష్టం.

అవి చెప్పినాయన మా ఇంగ్లీషు అయ్యోరు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో జమ్మలమడుగు హైస్కూల్లో మాకు పాఠం చెప్తాండె. ఆయనది పులివెందుల. పెండ్లాన్ని, ఏడాది బిడ్డను ఆడనే వదిలి, ఈడ ఒక గది తీసుకొని హోటల్లో తింటాండె. ఎప్పుడూ దగ్గే. సుద్దపొడి పడదేమోలే అనుకుంటిమి మేము.

శనివారం ఆఖరి గంటలో పుస్తకం పక్కన పెట్టి, ఒక మాట తీసుకొని, అది యాడ పుట్టింది, ఎట్లెట్ల తిరిగింది అని చెప్పేది ఆయనకు పిచ్చి. ఆ శనివారం బోర్డు. ఎడమపక్క నిలువుగా గీత గీసి వరసగా రాసినాడు. మొదట బోర్డంటే ఉత్త చెక్కపలక. ఆ పలక కాళ్లమీద నిలబడితే భోజనం బల్ల అయింది. తర్వాత బల్లమీద పెట్టే కూటికే ఆ పేరొచ్చింది. తర్వాత బల్ల చుట్టూ కూచొని పెత్తనం చేసే పెద్దమనుషులకు. "మీ డిస్ట్రిక్టు బోర్డు బడి ఆ పెద్దమనుషులదే" అన్నాడు. ఐదోది ఓడ పక్క చెక్క అని మొదలుపెట్టినాడో లేదో, వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "పెన్నలో నీళ్లే లేవు, ఓడ యాడ చూసేది సార్?" అనె. క్లాసంతా గొల్లుమనె. ఆయనా నవ్వినాడు. నవ్వు దగ్గయింది. దగ్గు నిలవలేదు. రుమాలు నోటికడ్డం పెట్టుకొని, "మిగతాది సోమవారం. తుడపొద్దండి" అని బయటికి పోయినాడు.

సోమవారం రాలేదు. క్షయ అంట, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చినారంట. నెల దాటింది. మిగతా అయ్యోర్లు ఆ ఎడమపక్క ముట్టుకోకుండా కుడిపక్కనే రాసుకునిరి.

ఒక బేస్తవారం హెడ్మాస్టరుకు, ఆసుపత్రిలో కాంపౌండరు చేత రాయించిన కార్డు వచ్చింది. నయమైంది, ఇంటికి పోయి ఒక దినముండి సోమవారం బడికొస్తా అని. మా ఆనందం చెప్పతరమా! సెలవుమీద పోయిన అయ్యోరు తిరిగొస్తాండాడంటే బోర్డు నల్లగా చేసి పెట్టేది మా బడిలో ఆనవాయితీ. శుక్రవారం సాయంత్రం దొండాకు నేనే నూరినా. బొగ్గుపొడి కలిపినా. నా పక్కన కూచునే పిల్ల నా చెయ్యి పట్టుకొని, "ఆ పక్క వదిలేస్తామా?" అని అడిగింది. నేను మూతి తిప్పినా. "అయ్యోరే వస్తాంటే రాత ఎందుకే? మళ్లీ రాస్తాడు లే" అని నా చేత్తోనే రుద్దేసినా. నా నోట్లో మన్ను పడ!

శనివారం తెల్లారి ఆసుపత్రిలోనే ఆయన పోయినాడు.

పదైదు దినాలకు అయ్యోరి పెండ్లాము వచ్చింది, బిడ్డను చంకలో ఏసుకొని. హెడ్మాస్టరు గది కిటికీ కింద నిలబడి విన్నా. అంటురోగమని ఆయన గుడ్డలు, పుస్తకాలు, నోట్సులు, ఆయన రాసిన కార్డులు కూడా అత్తగారోళ్లు కాలబెట్టినారంట. ఒక్క కాగితం మిగల్లేదంట. "బోర్డుమీద ఒక మాట సగంలో వదిలి వచ్చినా అని ఆసుపత్రిలో చెప్తాండె సార్. నాకు సదువు రాదు. ఆయప్ప రాత ఒక్కసారి చూసి, బిడ్డకు చూపించి పోతా" అనింది.

క్లాసుకు పరిగెత్తినా. సుద్దముక్క తీసుకొని, నా నోటుబుక్కు చూసి, ఆయన మాదిరే అక్షరాలు కుడికి వాల్చి, అన్నీ రాసేసినా.

ఆయమ్మ వచ్చి బోర్డు ముందర శానా సేపు నిలబడింది. బిడ్డకు చూపించలేదు.

"ఇది ఆయప్ప రాత కాదు" అనింది, మెల్లగా.

అక్షరమ్ముక్క రాని మనిషి! నేను ఏడ్చేసినా. "నేనే తుడిచినానమ్మా. బోర్డంతా నేనే నల్లగా చేసినా."

"ఎందుకు పాపా?"

"అయ్యోరు వస్తాండాడని."

తిడుతుందనుకున్నా. తిట్టింటే ఈ పొద్దుకు ఎప్పుడో మరిచిపోయి ఉందును. చంకలో బిడ్డను సర్దుకొని, నా తలమీద చెయ్యి పెట్టింది.

"నేనూ అంతే పాపా. వస్తాండాడని ఆ శుక్రవారమే ఇల్లంతా అలికి, ముగ్గేసి పెట్టుకుంటి" అనింది.