డ్యూటీలో టీ తాగని మనిషి

మా వీధి చివరి ఇంట్లో ఉండే బాబాయిగారు పోయారు. సోమవారం ఉదయం స్కూల్ బస్సు వెళ్ళిపోయాక ఇంటికి వచ్చి, గరాజ్‌లో తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారట. బూట్ల లేసు విప్పుకోవడానికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. పిన్నిగారు టీ గ్లాసు పట్టుకుని తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నేను ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తున్నాను. కారు పక్కకి తీసి ఆపేశాను. ఆయన ఉంటే, ఆపే ముందు ఇండికేటర్ వేశావా అమ్మా అని అడిగేవారు.

మధ్యాహ్నానికల్లా అరిజోనాలోని మా చాండ్లర్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్ నిండా దణ్ణాల బొమ్మలు. మా తెలుగు సంఘం అధ్యక్షుడుగారైతే "మన సంఘానికి మూలస్తంభం ఒరిగిపోయింది" అని రాశారు. చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ స్తంభాన్ని పట్టి పీకి బయట పారేసింది ఎవరో అందులో ఉన్న అందరికీ తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. ఆయన గురించి మెత్తగానే రాస్తాను. మిగతావాళ్ళ గురించి మాట ఇవ్వలేను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపని తెలిసి వరస కలుపుకున్నాం. మిలిటరీలో సుబేదారుగా రిటైరై, కూతురి దగ్గరికి భార్యతో సహా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మిలిటరీ అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, బోర్డర్‌లో ఎవరినైనా కాల్చారా అని. ఆయన నవ్వేసి, తాను కాల్చేవాణ్ణి కాదని, ఆపేవాణ్ణని చెప్పేవారు. ఆయన పనిచేసింది మిలిటరీ పోలీసులో. ఎర్ర టోపీ, తెల్ల బెల్టు. సైన్యం తుపాకీ శత్రువు మీద ఉంటుంది, సైన్యం మీద వీళ్ళ కన్ను ఉంటుంది. సెలవు చీటీ లేకుండా తిరిగే జవాన్లని, తాగి రైల్వే స్టేషన్‌లో గొడవ చేసేవాళ్ళని, యూనిఫాం వేసుకుని ఊళ్ళో జనం మీద దౌర్జన్యం చేసేవాళ్ళని పట్టుకోవడం వీళ్ళ పని. యుద్ధం వస్తే కూడళ్ళలో నిలబడి బళ్ళకి దారి చూపించాలి. పట్టుబడ్డ శత్రు సైనికుడి మీద మనవాడే చెయ్యి చేసుకోబోతే అడ్డం పడాల్సిందీ వీళ్ళే.

"మా డ్యూటీ పగవాడి మీద కాదమ్మా, మనవాళ్ళ మీద. అందుకే మాకు దోస్తులు తక్కువ" అనేవారు. ఆ మాట అన్నప్పుడు బాధగా ఏమీ ఉండేవారు కాదు. నా జుట్టు నెరిసింది అన్నంత మామూలుగా చెప్పేవారు.

ఒక కథ మాత్రం పిన్నిగారు చెప్పమంటే చెప్పారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన జిల్లావాడే ఒక హవల్దారు, ఊరెళ్ళి వచ్చినప్పుడల్లా ఈయనకి గోంగూర పచ్చడి తెచ్చి పెట్టేవాడట. ఒకరోజు ఆ హవల్దారే స్టేషన్‌లో తప్పతాగి, టిక్కెట్ అడిగిన రైల్వే ఉద్యోగిని కొట్టాడు. పట్టుకోవాల్సిన వాడు ఈయనే. చెయ్యి ఆడలేదట. ఆ క్షణం సేపు ఆగినందుకు హవల్దారు ఇంకో దెబ్బ కొట్టాడు, రైల్వే ఉద్యోగి పట్టాల మీద పడ్డాడు. ప్రాణం పోలేదు కానీ కాలు పోయింది. అప్పటి నుంచి బాబాయిగారు డ్యూటీలో ఉండగా ఎవరి దగ్గరా గుక్కెడు టీ కూడా పుచ్చుకోలేదు.

"ఒకరి టీ తాగిన నోటితో వాళ్ళనే ఆగు అనలేం" అన్నారు ఆ కథ చివర. నేను ఆ పూట వాళ్ళింట్లో రెండు కప్పులు తాగి ఉన్నాను. పిన్నిగారు నా మొహం చూసి నవ్వారు.

ఇక్కడికి వచ్చాక ఆయనకి బాగా నచ్చింది ఒకే ఒకటి, మా వీధి మలుపులో ఉన్న నాలుగు వైపుల స్టాప్ గుర్తు. గ్రాండ్ కేన్యన్ చూపించి తీసుకొచ్చినా ఇంత ముచ్చట పడలేదు. పోలీసు లేడు, ఈల లేదు, లైటు లేదు, అయినా ముందొచ్చిన కారు ముందు వెళ్తోంది, వెనకొచ్చింది ఆగుతోంది. సాయంత్రాలు పోస్ట్ డబ్బాల దగ్గర బెంచీ మీద కూర్చుని దాన్నే చూస్తుండేవారు. పూర్తిగా ఆగకుండా జారుకుంటూ పోయే కారు ఏదైనా కనిపిస్తే మాత్రం, మనవాళ్ళేనమ్మా అని నిట్టూర్చేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. కారు దగ్గరికి వచ్చాక డాష్‌బోర్డ్ మీద వినాయకుడు కనిపించేవాడు.

మా సంఘంవాళ్ళకి ఈ సంగతి తెలిసి, పండగల ప్రోగ్రాములకి పార్కింగ్ పని ఆయనకి అప్పజెప్పారు. సంఘం పేరు అచ్చేసిన పసుపుపచ్చ చొక్కా ఒకటి ఇచ్చారు, రాత్రిపూట మెరిసేది. నిజం చెప్పాలంటే ఈ దేశంలో ఆయనకి దొరికిన ఉద్యోగం అదే. కారు నడపలేరు, ఇంగ్లీషు అంతంత మాత్రం, మనవలు వాళ్ళ లోకంలో వాళ్ళు. అలాంటి మనిషి ఆ చొక్కా తొడుక్కుని హైస్కూల్ పార్కింగ్‌లో నిలబడితే వెన్ను నిటారుగా అయ్యేది. చెయ్యి చాచి ఆపితే కారు ఆగాల్సిందే. లోపల ఫంక్షన్ అవుతుంటే నేను ప్లేట్‌లో పులిహోర, గారెలు పట్టుకెళ్ళేదాన్ని. ముట్టుకునేవారు కాదు. చివరి కారు వెళ్ళిపోయి, చొక్కా విప్పి మడతపెట్టాకే, చల్లారిపోయిన గారె ఇష్టంగా తినేవారు.

పోయిన దీపావళి ఫంక్షన్‌లో జరిగింది ఇది. స్కూల్ ఆవరణలో మందు నిషేధం. మనవాళ్ళకి నిషేధాలు గేటు దగ్గరే గుర్తుంటాయి. పార్కింగ్‌లో కార్ల డిక్కీలు తెరిచి, ఎర్ర కప్పుల్లో పోసుకుని తాగారు. అందులో ముఖ్యుడు మా సంఘం ప్లాటినం స్పాన్సర్, రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆయన కూతురూ మా పాపా ఒకే డాన్స్ గ్రూప్. నేను లోపల పిల్లల నగలు, డ్రెస్సులు సర్దుతుంటే, ఆయన ఇద్దరు పిల్లల్నీ వెనక సీట్లో ఎక్కించుకుని ఇంటికి బయల్దేరాడు. నాతో ఒక మాట కూడా చెప్పలేదు.

గేటు దగ్గర బాబాయిగారు ఆపారు. కిటికీ దించగానే వాసన కొట్టింది. తాళాలు ఇమ్మన్నారు. స్పాన్సర్‌గారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నేనెవరో తెలుసా అంకుల్? ఈ ప్రోగ్రాం నడిచేదే నా స్పాన్సర్‌షిప్ మీద."

"తెలుసు బాబూ. వెనకాల పిల్లలున్నారు. తాళాలు ఇలాగియ్యి."

ఇవ్వలేదు. బాబాయిగారు వెళ్ళి కారుకి ఎదురుగా, బంపర్‌కి మోకాళ్ళు ఆనేంత దగ్గరగా నిలబడ్డారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి వెనక కార్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి, స్పాన్సర్ హారన్ మోగిస్తూ ఇంజన్ గర్జింపజేస్తున్నాడు. జనం పోగయ్యాక గానీ ఇంజన్ ఆపి తాళాలు ఇవ్వలేదు. మా పాప దిగి వచ్చి నన్ను పట్టేసుకుంది. ఇంటికి వెళ్ళాక దాని ముద్దు తెలుగులో చెప్పింది.

"తాతగారు అస్సలు మూవ్ అవ్వలేదు అమ్మా. కారు కొంచెం ముందుకి వచ్చింది, అయినా అవ్వలేదు. నన్నే చూశారు. భయం వద్దు అని చెయ్యి ఇలా పెట్టారు."

ఆ చెయ్యి ఎలా పెట్టారో అది చూపించినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నా బిడ్డ ఈ రోజు నా పక్కన కూర్చుని హోంవర్క్ చేస్తోందంటే ఆ చెయ్యి వల్ల.

ఇక్కడ తాగి నడిపి దొరికితే ఏమవుతుందో వీసా మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. బాబాయిగారు పోలీసుని పిలవలేదు. పిలిచి ఉంటే స్పాన్సర్‌గారు ఆ రాత్రి ఎక్కడుండేవాడో! అందుకు ఆయన కాళ్ళకి మొక్కాల్సిందిపోయి, వారం తిరక్కుండా సంఘం జూమ్ మీటింగ్ పెట్టింది. అజెండాలో రాసింది, "దాతకు జరిగిన అవమానం" అని. బాబాయిగారు క్షమాపణ చెప్పాలట.

నేను మాట్లాడాను. నా బిడ్డ ఆ కారులో ఉందని, అవమానం ఎవరికి జరిగిందో పిల్లల్ని అడుగుదామని అన్నాను. అధ్యక్షుడుగారు నన్ను మ్యూట్ చేశారు. మా ఆయన తన లాప్‌టాప్ నుంచి మొదలుపెడితే ఆయన్నీ చేశారు. బాబాయిగారు కూతురి పక్కన ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని అంతా విన్నారు. తన వంతు వచ్చాక ఒక్కటే అన్నారు.

"ఆపడం తప్పంటే చెప్పండి బాబూ, ఇప్పుడే చెప్తాను క్షమాపణ."

స్క్రీన్ నిండా మొహాలున్నాయి. తప్పు అనడానికి ఎవరికీ నోరు రాలేదు, తప్పు కాదు అనడానికి దమ్ము చాలలేదు. చాలామంది కెమెరాలు ఆపుకున్నారు. చివరికి పెద్దవాళ్ళకి విశ్రాంతి ఇవ్వాలని తీర్మానం చేసి, పార్కింగ్ పని ఒక సెక్యూరిటీ కంపెనీకి ఇచ్చారు. మర్నాడు ఒక కుర్రాణ్ణి పంపి, సంఘం పేరున్న చొక్కా వెనక్కి ఇచ్చేయమన్నారు. పిన్నిగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. బాబాయిగారు దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టి ఇచ్చారు.

మేము సంఘం మానేశాం. దానివల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు. గుడిలో కనిపిస్తే జనం చెప్పులు వెతుక్కుంటున్నట్టు తలలు వంచుకునేవారు. వాళ్ళమ్మాయికి పుట్టినరోజు పిలుపులు ఆగిపోయాయి. దోస్తులు తక్కువన్న మాట ఆయన మామూలుగానే అనేవారు కానీ, కూతుర్నీ వెలేస్తారని మాత్రం ఆయన అనుకోలేదు. ఆ చలికాలం మనిషి బాగా చిక్కిపోయారు. ఒకసారి నాతో, ఫౌజులో కూడా మమ్మల్ని తిట్టుకునేవాళ్ళమ్మా, కానీ టోపీ లాక్కోలేదు, అన్నారు. ఆయన నోట నేను విన్న ఫిర్యాదు అదొక్కటే.

తర్వాత ఒకరోజు హార్డ్‌వేర్ స్టోర్‌కి తీసుకెళ్ళమని అడిగి, తన సొంత డబ్బుతో పసుపుపచ్చ చొక్కా ఒకటి కొనుక్కున్నారు. దాని మీద ఏ పేరూ లేదు. మర్నాటి నుంచి రోజూ ఉదయం ఆ నాలుగు వైపుల స్టాప్ దగ్గర, స్కూల్ బస్సు ఎక్కే పిల్లల్ని రోడ్డు దాటించేవారు. ఎవరూ చెయ్యమనలేదు. ఏడు గంటలకే నిప్పులు చెరిగే ఎండలో కూడా మానలేదు. బస్సు నడిపే నల్లజాతి ఆవిడ ఆయనకి రోజూ కాఫీ ఇవ్వబోయేది, ఆయన నమస్కారం పెట్టి వద్దనేవారు. ఇంటికొచ్చి చొక్కా విప్పాకే పిన్నిగారి చేతి టీ. ఆ సోమవారం లేసు విప్పేదాకే వచ్చారు, చొక్కాదాకా రాలేదు.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన్ని ఆ చొక్కాతోనే పడుకోబెట్టారు. పట్టు కండువా కప్పుదామని కూతురు అడిగితే పిన్నిగారు ఒప్పుకోలేదు. తల పక్కన ఎర్ర టోపీ పెట్టారు. బస్సు ఆవిడ యూనిఫాంలోనే వచ్చి వెనక వరసలో నిలబడి ఏడ్చింది. మా పాప ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇంకాసేపట్లో అయిపోతుందనగా సంఘంవాళ్ళు వచ్చారు. వాట్సాప్‌లో ఎవరో వెళ్ళాలని రాసి ఉంటారు, చాలామందే వచ్చారు. స్పాన్సర్ రాలేదు. అధ్యక్షుడుగారి చేతిలో శాలువా ఉంది, సన్మానాలకి కప్పే రకం, ప్లాస్టిక్ కవర్‌తో సహా. మా సంఘంలో శాలువాలన్నీ స్పాన్సర్‌గారివే. కవర్ మీద ఆయన రియల్ ఎస్టేట్ కంపెనీ స్టిక్కర్ అలాగే ఉంది, దాన్నైనా పీకలేదు. అధ్యక్షుడుగారు గొంతు సవరించుకుని, సంఘం తరఫున ఆ మహనీయుడికి చివరి సత్కారం అంటూ శాలువా మడత విప్పారు. ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి ఫోటోకి సిద్ధమయ్యాడు.

పిన్నిగారు కుర్చీలోంచి లేచారు. శవపేటికకీ అధ్యక్షుడుగారికీ మధ్యలోకి వచ్చి, అరచెయ్యి ఎత్తి నిలబడ్డారు. మా పాప చూపించింది ఆ చెయ్యే.

"ఆయన డ్యూటీలో ఉన్నారు బాబూ. ఏటీ పుచ్చుకోరు."

గొంతు పెంచలేదు. అధ్యక్షుడుగారు ఒక్క అడుగు ముందుకి వేయబోయి ఆగిపోయారు. ఫోన్ ఎత్తిన కుర్రాడు దించేశాడు. పిన్నిగారు చెయ్యి దించలేదు. ఆయన వెనక్కి తిరిగి, శాలువాని గబగబా కవర్‌లోకి కుక్కుకుంటూ వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డారు. ఆ కవర్ చప్పుడు హాలంతా వినిపించింది.

నేను బయటికి వచ్చేసరికి పార్కింగ్‌లో మా సంఘంవాళ్ళ కార్లన్నీ ఒక్కసారే బయల్దేరి, ఒకదానికొకటి అడ్డం పడి ఉన్నాయి. ముందు నేనంటే నేనని హారన్లు కొడుతున్నారు. అధ్యక్షుడుగారు శాలువా చంకలో పెట్టుకుని ఆ ఎండలో, కార్ల మధ్యన, ఎటూ కదల్లేక నిలబడి ఉన్నారు. ఎవరైనా వచ్చి ఆపితే బాగుండునన్నట్టు గేటు వైపే చూస్తున్నారు.