సముద్రంలో పడిన వాన

ఆ రోజుల్లో అనంతపురం జిల్లాలో మా కుందుర్పి వైపు ఇద్దరు మనుషులు ఎదురుపడితే బాగున్నావా అని అడిగేవాళ్లు కాదు, మీ తట్టు వాన పడిందా అని అడిగేవాళ్లు. లేదనే జవాబు ఇద్దరికీ ముందే తెలుసు. అయినా అడగడం మర్యాద. అలాంటి చోట పుట్టి, ఈత రాకుండా, నిండిన బావిని చూసిన జ్ఞాపకం కూడా సరిగా లేకుండా, హోటల్ పనుల కోర్సు ఒకటి వెలగబెట్టి, సింగపూర్ నుంచి బయల్దేరే విహార నౌకలో ఉద్యోగం సంపాదించాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. చుట్టూ నీళ్లేనట అని మా అమ్మ ఒకటే ఏడుపు. మా నాయన మాత్రం, "ఏడవాకు మే. మన వంశంలో ఒకడన్నా కంటినిండా నీళ్లు సూడనీ," అన్నాడు.

నౌక పైభాగంలో ఈతకొలను పక్కన వరసగా ఉండే వాలుకుర్చీలకు పరుపులు వేయడం, తువ్వాళ్లు అందివ్వడం, మళ్లీ తీయడం నా పని. ఏ రేవులోనూ ఆగకుండా రోజంతా నడిసముద్రంలోనే గడిపే రోజు ఒకటుంటుంది. ప్రయాణికులకు అది హాయిగా కాళ్లు చాపుకునే రోజు (వాళ్ల విశ్రాంతి కోసం మేం పడే చాకిరీని కాస్త కళ్లు తెరిచి చూస్తే వాళ్లకే ఆయాసం వచ్చేది). ఒంటికి నూనె పూసుకుని, డబ్బు కట్టి మరీ ఎండలో పడుకునేవాళ్లు. ఎండకు డబ్బిస్తారని ముందే తెలిసి ఉంటే మా ఊళ్లో ఈపాటికి అందరూ కోటీశ్వరులే.

నేను చెప్పబోయే ఆ రోజు నా మనసు మాత్రం ఓడలో లేదు. అంతకు ముందు వారం ఫోన్ చేసినప్పుడు నాయన, "ఈ వారంలో వాన పడి పదును కాకపోతే ఎద్దుల్ని సంతకు తోలేస్తాన్రా. ఇత్తనం ఎయ్యకపోతే వాటితో పనేముండాది? గడ్డి గూడా అయిపోయింది. వాటి మొగం సూడలేకుండా ఉండా," అన్నాడు. దూడలుగా మా ఇంటికొచ్చి, నా చేతి గడ్డి తిని పెరిగిన జత అది. వారం ఆ రోజుతో ముగుస్తుంది. మధ్యాహ్నం నాయన ఊళ్లోని ఎస్టీడీ బూత్ దగ్గర నా ఫోన్ కోసం కాచుకుని ఉంటాడు.

పొద్దున్నే మా పై అధికారి, మేం విజిలు సారు అని పిలుచుకునే ఆయన, మమ్మల్ని వలయంగా నిలబెట్టి ఒకరి చేతులొకరితో పట్టించాడు. నడిసముద్రం రోజున అది అక్కడి ఆనవాయితీ. "ఈ రోజు వాన రాదు!" అని అందరం ఇంగ్లీషులో గట్టిగా అరవాలి. అందరూ అరిచారు. నేను మాత్రం అరవలేదు. పుట్టి బుద్ధెరిగాక వాన వద్దని ఎన్నడూ అనుకోలేదు, ఇప్పుడు ఏ నోటితో అనేది? పక్కనే నిలబడ్డ, వంటశాలలో పండ్లు కోసే బత్తలపల్లి అన్న (ఆ ఓడ మొత్తానికి మా జిల్లావాళ్లం మేమిద్దరమే) నా చెయ్యి నొక్కి, "అనప్పా, ఇంగ్లీషులోనే కదా! మన వానకి ఇంగ్లీషు యాడొస్తాది?" అన్నాడు. నాకది సబబుగానే తోచింది కానీ, ఎందుకైనా మంచిదని పెదాలు మాత్రం కదిపాను.

పదకొండు దాటాక తూర్పున నల్లగా కమ్ముకొచ్చింది. విజిలు మోగింది. పరుపులు తీయండి, తువ్వాళ్లు తీయండి అని కేకలు. ఇక్కడ మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. తొలి చినుకు పడితే మా ఇంట్లో దండెం మీద బట్టలు తీయనిచ్చేది కాదు. "ఉండనీరా! బట్టలు తీస్తే మనకు ఇష్టం లేదనుకోని అట్నే పోతాది," అనేది. బట్టలు తడిస్తే మళ్లీ ఆరతాయి, వాన అలిగితే మళ్లీ రాదని ఆమె లెక్క. చినుకు నా ముక్కు మీద పడగానే ఓడ, ఉద్యోగం, విజిలు అన్నీ మరిచిపోయాను. అందరూ పరుగులు తీస్తుంటే నేనొక్కణ్ణే పరుపుల మధ్య దోసిళ్లు పట్టి నిలబడ్డాను. టోపీ పట్టుకుని పరుగెత్తుతున్న ఒక ముసలి దొరసానికి రెండు చేతులూ జోడించి, "వానొచ్చిందమ్మా, వానొచ్చింది!" అని తెలుగులో కేకేశాను. పాపం, ఆమె ఓడ మునుగుతోందనుకుని లైఫ్ జాకెట్ ఎక్కడని అడిగింది.

విజిలు సారు నన్ను తిట్టలేదు. విజిలు నోట్లోంచి తీసి, నానిన పరుపులన్నీ కింద లాండ్రీకి మోసుకెళ్లి పిండమన్నాడు. భోజనం వేళ మటుకు వదిలారు. ఫోన్ కార్డు పట్టుకుని పరుగెత్తాను.

"వానా?" అని ఇద్దరం ఒక్కసారే అడిగాం.

"ఈడ యాడిది? నల్లంగ మోడాలొచ్చినాయి, అట్నే తూరుపుకు పోయినాయి. ఆడ పడిందా?"

"బాగా పడింది నాయనా. కాలవలు పారినట్ల పారింది."

నాయన గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఎవురి చేన్లో?"

"చేను యాడుండాది నాయనా. సముద్రంలో."

 గరగర మధ్యలోంచి అన్నాడు: "సముద్రంలోనా! దానికేం తక్కువైందనిరా?"

అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే ధైర్యం చేసి, ఎద్దులు అన్నాను. నవ్వు ఆగిపోయింది.

"పొద్దున్నే తోలినా. కాలవ కింద రైతొకడు పట్టుకపోయినాడు. ఆయప్పకాడ నీళ్లుండాయంట, పచ్చిగడ్డి ఉండాదంట." అన్నాడు. "నువ్వూ నీళ్లకాడికే పోతివి, అవీ నీళ్లకాడికే పోయినాయి. మంచిదే లేరా."

కిందికి దిగి పరుపులు పిండాను. ఒక్కో పరుపులోంచి బిందెడు నీళ్లు కారి తూములోకి పోతున్నాయి. మా చేనుకు దక్కని వాన నా చేతుల్లోంచే జారిపోతోందనిపించింది. ఏడ్చాను, దాచేదేముంది. తడిసి ముద్దయిన వాడి ముఖంలో ఏది కన్నీరో ఎవరికీ తెలియదు, అదొక్కటే సౌకర్యం.

ఒప్పందం గడువు తీరాక ఆ ఓడవాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు (ఎందుకని నేనూ అడగలేదు). ఇప్పుడు అనంతపురంలో చిన్న టిఫిన్ హోటల్ నడుపుకుంటున్నాను. నాయన పోయి చాలా కాలమైంది. ఉన్నన్నాళ్లూ ఊరిమీదుగా మబ్బులు ఊరికే పోతుంటే అరుగు మీద కూర్చుని, "పోతాండాయప్పా, మావోని ఓడకాడికి," అని నలుగురినీ నవ్వించేవాడు. నిన్న సాయంత్రం కూడా అలాగే నల్లటి మబ్బులు వచ్చాయి, చల్లగాలి విసిరాయి, ఒక్క చినుకైనా రాల్చకుండా తూర్పుకు వెళ్లిపోయాయి. హోటల్ ముందు నిలబడి చాలాసేపు చూశాను. అక్కడెక్కడో విజిలు మోగుతుంటుంది, అందరూ పరుగెత్తుతుంటారు, అప్పటి నాలాంటి ఇరవయ్యేళ్ల పిచ్చివాడొకడు పరుపులు తీయకుండా దోసిళ్లు పట్టి నిలబడి ఉంటాడు. వాడినైనా తడవనీ అనుకుని, నవ్వుకుని లోపలికొచ్చాను. దండెం మీద బట్టలు మాత్రం తీయలేదు.