గొడుగు దొరకు ద్వితీయ బహుమతి

ఆ రోజుల్లో సిడ్నీకి చదువుకోవడానికి వచ్చిన మాబోటివాళ్ళకు సొంత అభిరుచులంటూ ఉండేవి కావు. ఎవరింట్లో అద్దెకు దిగితే వాళ్ళ అభిరుచే మనది. పంజాబీ ఆయన ఇంట్లో దిగిన మా స్నేహితుడు ఆరు నెలల్లో పెళ్ళిళ్ళలో భుజాలెగరేస్తూ తిరిగాడు. గ్రీకు మామ్మగారింట్లో దిగిన ఇంకొకడు ఆలివ్ కాయల మంచిచెడ్డల మీద మాకు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. నేనూ మా బావా క్వేకర్స్ హిల్‌లో కెప్టెన్ ఇంటి వెనక గదిలో దిగాం కాబట్టి, నాకు గొడుగు దొర ప్రాప్తించాడు.

కెప్టెన్ అంటే ఓడలు నడిపినవాడు కాదు, సిటీ బస్సు నడిపి రిటైరైన ఆస్ట్రేలియా పెద్దాయన. టోపీ లేకుండా ఎప్పుడూ కనిపించడు కాబట్టి ఆ పేరు మేమే పెట్టాం (నిద్రలో కూడా తీయడని బావ వాదన, మేం తొంగి చూడలేదు). గొడుగు దొర ఇంగ్లండుకు చెందిన రాక్ గాయకుడు. అసలు పేరు చెప్పినా మీకు తెలియదు, ఆయన జీవితంలో విషాదమంతా అదే. హాల్లో పాడుతున్నా సరే, పక్కన ఒక గొడుగు తెరిచి పెట్టుకుంటాడు. పాటలు కూడా మామూలు విషయాల మీద ఉండవు. తడిసిన కోటు మీద ఒకటి, ఇంటి కప్పు మీద పట్టిన నాచు మీద ఒకటి, తాళంచెవి పోగొట్టుకున్న లైట్‌హౌస్ కాపలాదారు మీద ఒకటి. ప్రేమగీతం జన్మకొకటి రాశాడు, అది కూడా ఒక పాత బీరువా మీద.

కెప్టెన్ గరాజ్‌లో పెట్టుకునే ఆ పాటలు గోడ దాటి వస్తుంటే మొదటి నెల దిండు చెవులకు అదుముకున్నాను. రెండో నెల గిన్నెలు తోముతూ నాచు పాట కూనిరాగం తీశాను. మూడో నెలకు కెప్టెన్‌ను మించిపోయాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, యూనివర్సిటీలో కనపడ్డ ప్రతివాడినీ ఆపి, ఈ మహానుభావుణ్ణి ప్రపంచం గుర్తించలేదని వాపోయేవాణ్ణి. వాళ్ళు బస్సొచ్చిందని వెళ్ళిపోయేవారు, బస్సు రాకపోయినా.

అలాంటి గొడుగు దొర మా ఇంటికి దగ్గర్లో ఉన్న బౌలింగ్ క్లబ్బు హాల్లో ఒక శనివారం మధ్యాహ్నం పాడబోతున్నాడని తెలిసింది. కెప్టెన్ గంతులేస్తాడనుకుంటే డీలా పడిపోయాడు. కదిపితే అసలు సంగతి చెప్పాడు. పోయినసారి దొర సిడ్నీ వచ్చినప్పుడు హాలంతా ఖాళీ కుర్చీలేనట. వచ్చిన కొద్దిమందికీ ఆయన కిందికి దిగి, ఒక్కొక్కరితో చేయి కలిపి, పేరు పేరునా గుడ్‌నైట్ చెప్పి వెళ్ళాడట. “ఆ చేయి కలపడం నేను మర్చిపోలేకపోతున్నాను. ఈసారి టికెట్ కూడా లేదు, ఊరికే రావచ్చు. అయినా ఎవరొస్తారు? ఆయన మళ్ళీ ఆ కుర్చీలకే పాడితే నేను చూడలేను” అన్నాడు. కళ్ళు దాచుకోవడానికి టోపీ అంచు కిందికి లాక్కున్నాడు.

నేను ఆ బాధంతా మోసుకెళ్ళి బావ ముందు దించాను. బావ అప్పటికే తెలుగు సంఘంలో సాంస్కృతిక కార్యదర్శి.

“హాలు నింపాలి, అంతే కదరా? దానికింత మొహం వేలాడేసుకోవాలా? సాటర్డే ఆర్వో, అదే మధ్యాహ్నం, మనోళ్ళంతా ఫ్రీయే. లంచ్ ఉందని గ్రూపులో పెడితే ఫ్యామిలీలతో దిగుతారు.”

“ఆ పాటలు వాళ్ళకి ఎక్కుతాయా బావా?”

“ఎక్కేదేంది? మొన్న అవధానం పెడితే ఎంతమందికి ఎక్కింది? హాల్ ఫుల్ అయిందా లేదా? నువ్వు కామ్‌గా ఉండు, ఐ విల్ హ్యాండిల్.”

బావ వాట్సాప్‌లో పెట్టిన ఆహ్వానం నాకింకా గుర్తుంది. ‘ఇంగ్లండు నుండి విచ్చేయుచున్న విఖ్యాత సంగీత విద్వాంసుల కచేరీ. అనంతరం విందు.’ విందు అన్న మాట మిగతావాటి కంటే లావుగా ఉంది.

శనివారం వచ్చింది. పట్టుచీరలు, పిల్లల తోపుడు బళ్ళు, ఎందుకైనా మంచిదని ఇంటినుంచి పెరుగన్నం క్యారియర్‌తో వచ్చిన ఒక అంకుల్, అందరితో హాలు కిటకిటలాడింది. దొర స్టేజీ మీదికొచ్చాడు. పొడుగ్గా, ఎండుగడ్డి రంగు జుట్టుతో ఉన్నాడు. జనాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. “తప్పు హాలుకొచ్చాననుకుని బోర్డు చూసుకోవడానికి వెళ్ళాడు” అని కెప్టెన్ నా చెవిలో గొణిగాడు. కాసేపటికి తిరిగొచ్చి గొడుగు తెరిచి పాట అందుకున్నాడు.

దొర అభిమానులకు కొన్ని నియమాలున్నాయి. పాట పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టకూడదు, ఫలానా పాట పాడమని అడగకూడదు, స్టేజీ ఛాయలకే పోకూడదు. ఆయనకు మనుషులంటే బెరుకు. ఇదంతా నేను బావకు చెప్పాను. బావ సన్మానం సంగతి నాకు చెప్పలేదు. దాచి కాదు, సన్మానం లేని ప్రోగ్రాం ఒకటి ఉంటుందని బావకు తట్టనే లేదు. లైట్‌హౌస్ పాట సగంలో ఉండగా, కెప్టెన్ కళ్ళు మూసుకుని లీనమై ఉండగా, బావ శాలువాతో స్టేజీ ఎక్కి మైకు అందుకున్నాడు. “ఇప్పుడు మన ముఖ్య అతిథిగారిని ఘనంగా సత్కరించుకుందాం!”

పాట ఆగింది. కెప్టెన్ నా మోచేయి పట్టుకున్న పట్టుకు తర్వాత వారం రోజులు నీలంగా మచ్చ ఉంది. దొర శాలువాను చూశాడు, బావను చూశాడు, ఏమనుకున్నాడో మెల్లగా తల వంచాడు. జనం చప్పట్లు కొట్టారు. వెంటనే జ్ఞాపిక కూడా ఇచ్చేశాడు బావ. చెక్క పీఠం మీద ఇత్తడి వీణ, కింద రేకు మీద తెలుగు అక్షరాలు. ఉగాది పోటీల్లో మిగిలిపోయినది, రేకు మార్పించే టైం లేకపోయింది.

“ఇక్కడ ఏమని రాసుంది?” అని దొర మైకులోనే అడిగాడు. ఎన్నడూ మాట తడుముకోని బావ నా వైపు చూశాడు. ముందు వరసలో ఉన్న నేను లేచి నిలబడ్డాను. ఏదైనా గొప్ప బిరుదు కల్పించి ఉండవచ్చు. కంగారులో నిజం వచ్చేసింది.

“సెకండ్ ప్రైజ్, సర్. జూనియర్స్.”

దొర వీణను అటూ ఇటూ తిప్పి చూసి, “ఫస్ట్ ఎవరికొచ్చింది?” అన్నాడు. “ఎవరికీ ఇవ్వలేదు సర్. ఆ స్టాండర్డ్‌లో ఎవ్వరూ లేరు” అన్నాడు బావ. అప్పుడు నవ్వాడు దొర, భుజాలు కదిలేలాగా. “నాకొచ్చిన బహుమతుల్లో ఇదే పెద్దది. అంటే, ఇదొక్కటే వచ్చింది” అని దాన్ని గొడుగు కింద జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ బావ దిగుతూ దిగుతూ, “భోజనాలు రెడీ అండీ” అనేశాడు. మనకు సన్మానం అయిందంటే సభ అయినట్టే. దొర తర్వాతి పాట ఎత్తుకునేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి, వెనక బిర్యానీ దగ్గర జనం క్యూ కట్టారు, ముందు నేనూ, కెప్టెనూ, ఆయన స్నేహితులు కొందరూ మిగిలాం. కెప్టెన్ వెనక్కి తిరిగి చూశాడు. “మళ్ళీ అదే” అన్నాడు. ఆ గొంతు విని నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

దొర పాడుతూనే స్టేజీ దిగాడు. శాలువాతో, గిటారుతో నడుచుకుంటూ పోయి క్యూ చివర నిలబడ్డాడు. ఖాళీ కుర్చీలు ఆయన వీపు వెనక ఉండిపోయాయి. “అయ్యో, పెద్దాయన! ముందుకి పంపండమ్మా” అని ఒక ఆంటీ కేకేసింది. ఆయన కదల్లేదు, వంతు వచ్చేదాకా వరసలో పాడుతూనే ఉన్నాడు. నాచు పాటకు పిల్లలు వంత పాడారు. ప్లేటు అందుకునే ముందు గిటారు పట్టుకోమని కెప్టెన్ చేతికిచ్చాడు. కెప్టెన్ దాన్ని పురిటి బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

వెళ్ళేటప్పుడు కారు దగ్గర దొర నన్ను పక్కకు పిలిచాడు. “వాళ్ళంతా దేనికొచ్చారో నాకు తెలుసు. ఆ వాసన రెండో పాటకే నాదాకా వచ్చింది. ఆ టోపీ ఆయనకు మాత్రం చెప్పకు. నేను సంతోషంగా ఉన్నాననుకుని ఎంత సంబరపడుతున్నాడో చూడు. అది చూస్తే నాకూ సంతోషంగానే ఉంది” అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో కెప్టెన్, “వాళ్ళు భోజనానికి వచ్చారని ఆయన కనిపెట్టలేదు కదూ?” అన్నాడు.

“లేదు కెప్టెన్” అన్నాను.

ఆ వయసులో నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. బావకు కూడా చెప్పకుండా ఆ రోజు ఎలా ఆపుకున్నానో ఇప్పుడు తలచుకుంటే, ఆ కుర్రాడి వీపు తట్టాలనిపిస్తుంది. ఇప్పటికీ పండగలకు పిల్లల్ని తీసుకుని కెప్టెన్‌ను చూడటానికి వెళతాను. ఆయన ప్రతిసారీ ఈ కథే చెప్పి, “పాపం, ఆయనకు తెలియనే లేదు” అని ముగిస్తాడు. నేను తలూపుతాను. ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది కాబట్టి ఇదంతా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కెప్టెన్‌కు తెలుగు రాదు.