చిలక ఈకలు, పట్టుపురుగు మూతి

ఫోను కొనడానికి పోయినవాడికి ముందుగా చిలకను చూపిస్తారు. మదనపల్లెలో నేను ఎక్కి దిగిన ప్రతి దుకాణంలోనూ అదే చిలక. ఎర్రముక్కు, పచ్చటి రెక్కలు, వెనక ఎక్కడిదో ఒక జలపాతం. "ఈకలు సూడు సార్, దేనికది విడిగా కనపడతాండాది" అంటాడు అమ్మేవాడు. నాకు చిలకతో పనిలేదు, పట్టుపురుగు మూతి కనబడితే చాలు అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. నన్ను వదిలేసి పక్కనున్న మనిషికి చిలకను చూపించడం మొదలుపెట్టాడు.

నా బాధ ఆయనకేం తెలుసు? మా ఊరు పుంగనూరుకు దగ్గర. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఉద్యోగమని నేను మదనపల్లె వచ్చేశాక, మా ఊళ్లోనే కాపురమున్న మా అక్క, అమ్మతో కలిసి షెడ్డు చూసుకునేది. పోయిన ఏడాది కుప్పంలో మా చెల్లెలికి పాప పుట్టింది. చెల్లెలు ఉద్యోగానికి పోవాలి, పాప దగ్గర ఒక మనిషి ఉండాలి. అమ్మ బయలుదేరింది. బట్టల సంచి భుజాన వేసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి అక్కతో ఒకే ఒక మాట అంది.

"జ్వరం లేసినాయా లేదా నేను సూసి సెప్తా. నేను సెప్పినాకనే ఆకెయ్యి."

"సరేమ్మా" అంది అక్క.

జ్వరమంటే పురుగులకు వచ్చే జబ్బు కాదు. పెరిగే పురుగు పాత చర్మం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరానికి కూర్చోవడం అంటారు, ఒక్కో పంటలో నాలుగుసార్లు. ఆ సమయంలో తడి లేకుండా పైన సున్నప్పొడి చల్లుతారు. చర్మం విడిచి లేచిన పురుగుకు తల, మూతి పెద్దవిగా, ఒళ్లు వదులుగా కనిపిస్తాయి. దాదాపు అన్నీ లేచాకే మల్బరీ ఆకు వేయాలి. తొందరపడితే ముందు లేచినవి తిని బలుస్తాయి, మిగతావి వెనకబడిపోతాయి, పంటంతా ఎగుడుదిగుడుగా తయారవుతుంది. ఆలస్యం చేస్తే లేచినవి ఆకలితో నీరసిస్తాయి. ఆ సమయం చూసి చెప్పడం ఎప్పుడూ అమ్మ పనే. పక్క షెడ్లవాళ్లు కూడా ఆమెను పిలుచుకుపోయి చూపించుకునేవాళ్లు. ఇల్లు, షెడ్డు, కోళ్లు అన్నీ అక్కకు వదిలి కుప్పం పోయిన మనిషి ఆ ఒక్క మాట మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

అందుకని పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడల్లా అక్క ఫోటోలు పంపడం, అమ్మ కుప్పంలో చూడడం. అమ్మ చేతిలో ఉన్నది చెల్లెలు వాడి వదిలేసిన పాత ఫోను. ఫోటో వచ్చిన ప్రతిసారీ నాకు ఫోను చేసేది.

"అంతా మబ్బుగా ఉండాదిరా. పురుగేదో సున్నమేదో తెలీలే. నీకేమన్నా తెలిస్తే జూడు."

నాకేం తెలుస్తుంది? ఫోటో అమ్మ ఫోనులోనే ఉండేది, నేనేమో మదనపల్లె ఆఫీసులో. ఫోను తెర మంచిది కాకపోతే ఫోటో మంచిగా ఎలా కనిపిస్తుంది, తెర మారిస్తే సరిపోతుంది అనుకున్నాను. అలా అనుకోవడంతో మొదలైంది నా ఖర్మ.

ఆ తర్వాత కొన్ని వారాలు రిజల్యూషన్ అనే మాట తప్ప వేరే మాట లేకుండా బతికాను. ఒకడు హెచ్‌డీ ప్లస్ చాలంటాడు. ఇంకొకడు ఫుల్ హెచ్‌డీ ప్లస్ లేకపోతే అది ఫోనే కాదంటాడు. మూడోవాడు టూకే అని మొదలుపెట్టి, చివరకు "ఇంత సిన్న తెర మీద తేడా మన కంటికి తెలీదు సార్" అని తనే తేల్చేస్తాడు. తేడా తెలియకపోతే ఇంతసేపు ఎందుకు చెప్పావయ్యా అంటే మళ్లీ చిలకను తీస్తాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ఇంకా ఘోరం. అంగుళానికి ఎన్ని పిక్సెళ్లుండాలో వాదించుకునేవాళ్లలో పట్టుపురుగును చూసినవాడు ఒక్కడూ ఉన్నట్టు లేదు. ఆఫీసులో నా పక్క సీటాయన అయితే "అమ్మగారికి అంత ఫోనెందుకప్పా, మాట్లాడేదానికే గదా" అన్నాడు. ఆ రోజు ఆయనతో కలిసి టీకి పోలేదు.

చివరకు అందరికంటే గొప్ప తెర ఉన్నదే కొన్నాను. ఆదివారం పొద్దున్నే కుప్పం బస్సెక్కాను. దారిలో పుంగనూరులో దిగి అక్కను చూసి పోదామా అనిపించింది కానీ, ఒళ్లో ఫోను పెట్టె పెట్టుకుని ఎక్కడ దిగుతాంలే అని కూర్చునే పోయాను. ఆ వేళకు అక్క షెడ్డులో పురుగులు మూడో జ్వరానికి కూర్చుని ఉన్నాయి. నేను చెల్లెలి ఇంటికి చేరేసరికి ఫోటో వచ్చేస్తుందని లెక్క వేసుకున్నాను.

అమ్మ కొత్త ఫోను రెండు చేతులతో పట్టుకుంది, పళ్లెం పట్టుకున్నట్టు. చిలకను చూపించాను. దుకాణంవాడు దాన్ని కూడా ఫోనులో వేసి పంపాడు.

"అబ్బా, ఎంత బాగుండాదిరా! ఈకలన్నీ కనపడతాండాయి" అంది. ఒళ్లోని పాప కూడా చిలకను పట్టుకోబోయింది. నాకు సంతోషంగా, గర్వంగా కూడా అనిపించింది.

తర్వాత అక్క ఫోటో వచ్చింది. అమ్మ చూసింది. దగ్గరగా, దూరంగా, కిటికీ వైపు తిప్పి చూసింది.

"ఇదీ మబ్బే గదరా."

"సరిగ్గా చూడు మా."

"సరిగ్గానే సూస్తాండా. సిలక కనపడతాది, పురుగు కనపడదు. ఈ ఫోనుకు పురుగులంటే గిట్టదేమో."

ఆమె వేళాకోళానికే అంది. నాకు మాత్రం నెత్తిన నీళ్లు పోసినట్టయింది. ఫోను లాక్కుని సెట్టింగుల్లో దూరాను. అప్పుడు తెలిసింది, అంత గొప్ప తెరను కంపెనీవాడు ఛార్జింగు ఆదా కోసమని తక్కువ రిజల్యూషన్‌లో పెట్టి అమ్ముతున్నాడని. డబ్బేమో పెద్ద తెరకు తీసుకుని, పని మాత్రం చిన్న తెరతో చేయిస్తున్నాడు! తిట్టుకుంటూ అన్నిటికంటే పైదానికి మార్చాను. ఏమీ మారలేదు. ఛార్జింగు మాత్రం మా కళ్ల ముందే దిగిపోతోంది.

ఇక మిగిలింది అమ్మ కళ్లు. మెల్లగా, "కళ్ల డాక్టరు దగ్గరికి పోదామా మా?" అన్నాను. ఆమె లేచిపోయి సూది, దారం తెచ్చి, నా ఎదురుగా నిలబడి ఒక్కసారికే దారం ఎక్కించింది. సూదిని నా చొక్కా జేబుకు గుచ్చి వంటింట్లోకి పోయింది. నేను అక్కకు ఫోను చేసి కసురుకున్నాను.

"ఫోటో కాస్త బాగా తియ్యక్కా! చెయ్యి ఊపుతాండావా ఏంది?"

"నేను బాగానే తీస్తాండా. మీ ఫోనులోనే ఏమో ఉండాది. అమ్మేమంటాంది?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోను తీసుకుంది. ఆ మబ్బు ఫోటోను ఇంకోసారి చూసి, "ఈ పొద్దు వద్దు. రేపు పొద్దున ఎయ్యి" అంది.

"సరేమ్మా" అంది అక్క.

అమ్మ ముఖంలో తృప్తి లేదు. "ఉజ్జాయింపుగా సెప్పినారా" అంది నాతో, చాలా చిన్న గొంతుతో. "కనపడుంటే ఖాయంగా సెప్పేదాన్ని." ఆ మాట మదనపల్లె చేరేదాకా నన్ను వదలలేదు. అంత ఫోను కొనిచ్చి కూడా అమ్మను ఉజ్జాయింపు మీదే వదిలేసి వచ్చాను.

తర్వాతి వారం నాలుగో జ్వరం. ఇదే ముఖ్యం. దీని తర్వాత పురుగులు తినే మేత మీదే పట్టుగూళ్ల బరువంతా ఆధారపడి ఉంటుంది. ఈసారి ఏదేమైనా అంతు చూడాలని సెలవు పెట్టి పుంగనూరులో దిగి, ఆటో పట్టుకుని సరాసరి షెడ్డుకు పోయాను.

అక్క సున్నం చల్లుతోంది. మోచేతుల దాకా తెల్లగా ఉంది, కనుబొమ్మల మీద కూడా సున్నమే. నన్ను చూసి నవ్వి, అదే చేత్తో రవికలోంచి ఫోను తీసింది. "ఉండు, అమ్మకు ఫోటో పంపించి వస్తా" అంటూ పురుగుల మీదికి వంగింది. ఫోను వెనక కెమెరా అద్దం మీద సున్నం పేరుకుని ఉంది, ఇంటి గోడకు వెల్ల వేసినట్టు. సున్నం చల్లిన ప్రతిసారీ అదే చేత్తో తీసిన ఫోటోలు అన్నీ! చిలకలు, పిక్సెళ్లు, కంపెనీవాడి మీద నా తిట్లు, అమ్మ సూదిలో దారం ఎక్కించడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"అక్కా! ఈ అద్దం ఎప్పుడన్నా తుడిసినావా?"

"దాన్ని యాల తుడిసేది? ముందరపక్క తుడుస్తానే ఉంటా గదా."

ఫోను తీసుకుని చొక్కా అంచుతో అద్దం శుభ్రంగా తుడిచాను. "ఇటియ్యి, నేనే తీస్తాలే" అని అక్క చెయ్యి చాచింది. నేనివ్వలేదు. ఇన్ని వారాల కసి ఉంది నాకు. ముందు పురుగుల మూతులు దగ్గరగా తీశాను. తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి, పురుగులను అరలరలుగా పెట్టిన స్టాండు మొత్తం వచ్చేలా ఇంకొకటి తీశాను. నాణ్యత తగ్గకుండా పంపే పద్ధతి వెతికిపట్టి రెండూ పంపేశాను. అక్క మళ్లీ సున్నం గంప అందుకుంది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

అమ్మ ఫోను వచ్చింది. అక్కకు కూడా వినబడాలని స్పీకరు పెట్టాను.

"కనపడతాండాయా మా?"

"కనపడతాండాయిరా!" అమ్మ గొంతు అంత హుషారుగా విని ఎన్నాళ్లయిందో. "మూతులన్నీ కనపడతాండాయి. శానా భాగం లేసినాయి. ఇంకా కూసున్నేవి కూడా తెలస్తాండాయి. ఉండు, రెండోది పెద్దది జేసి సూస్తా."

నేను అక్క వైపు చూసి కళ్లెగరేశాను. అక్క నవ్వలేదు. గంప కింద పెట్టింది.

"రెండోది కూడా కనపడతాందా మా?" అన్నాను.

"కింద అరలో ఆకుండాదే" అంది అమ్మ.

నేను వంగి చూశాను. నిజమే. నేను పైవాటి మీదే ధ్యాస పెట్టి ఫోటో తీశాను కానీ, కింద అరలో ఆకు ఉంది. పొద్దున వేసినది. పురుగులు దాన్ని సగం తినేశాయి కూడా. అవి ముందే లేచినట్టున్నాయి.

"నేనింకా సెప్పలేదు గదా" అంది అమ్మ. కోపంగా కాదు. పొరపాటున మరిచిపోయిన విషయం గుర్తుచేస్తున్నట్టు అంది.

"అవి తెల్లారేలోపలే లేసేసినాయమ్మా..." అంది అక్క. "అందుకే ఏసినా. పైనవి నీ మాట కోసమే పెట్టుండా."

"మంచిది" అంది అమ్మ. ఫోను పెట్టేసింది.

అక్క ఆ స్టాండు కాలు దగ్గరే కూలబడింది. "ఆమె సెప్పేదాకా కూసుంటే పురుగులు ఏం గావాలప్పా? పోయిన పంటలోనూ అంతే, అంతకు ముందూ అంతే. ఆ పాత ఫోనులో ఆమెకేం కనపడతాదిలే అని ఫోటో పంపిస్తాంటి. వద్దంటే సరేమ్మా అనేది, అవి లేసినప్పుడు నేను ఆకేసేది. ఆమె మనసుకు ఉంటాదని పంపిస్తాంటి, అంతే. నిన్నెవురు అద్దం తుడవమన్యారు?" అంది. నా మీద అంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు. నాకు కూడా అదే కోపం వచ్చింది, ఎవరి మీద చూపాలో తెలియలేదు.

తర్వాతి పంట వచ్చేసరికి కుప్పం పోయాను. కొత్త ఫోను పాప దగ్గర ఉంది. గోడకు ఆనించి పెట్టారు, పాప చిలకను చూస్తూ అన్నం తింటోంది. అమ్మ మూలన కూర్చుని పాత ఫోనుకు ఛార్జరు తగిలించుకుని, వైరు పొట్టిదవడంతో గోడ వైపు వంగి చూస్తోంది. అక్క ఫోటో పంపింది. నేను కూడా తొంగి చూశాను. సున్నప్పొగ తప్ప ఏమీ లేదు. అద్దం మీద అక్క మళ్లీ సున్నం చేరనిచ్చినట్టుంది.

"ఈ పొద్దు వద్దు. రేపు ఎయ్యి" అని అమ్మ ఫోనులో చెప్పింది.

"సరేమ్మా" అంది అక్క.

నాకు ఉండబట్టలేదు. "ఆ కొత్తదాంట్లో చూడొచ్చు కదా మా. అంత వెతికి తెచ్చానే" అన్నాను.

అమ్మ పాత ఫోను తెరను చీర కొంగుతో తుడుచుకుంది.

"ఇదే బాగుండాదిరా" అంది. "దీంట్లో ఆకు కనపడదు."